అక్క పేరున్న సీసాతో దోహాకి

తొంభైల మధ్యలో ఒక జూన్ నెలలో నేను మొదటిసారి దేశం దాటాను. వెళ్ళింది ఖతార్‌కి, ఊరు చూడ్డానికి మాత్రం కాదు. మా అక్క విజయకి క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. వైద్యం దోహాలోనే మొదలైంది, ఇండియా దాకా వచ్చే ఓపిక తనకి లేదు. బావగారు దుఖాన్ వైపు ఒక సైట్లో ఇంజనీరు, వారానికొకసారే ఇంటికొచ్చేవారు. పిల్లలు లేరు. "నొప్పికి నిద్ర పట్టట్లేదే, నువ్వొచ్చి కొన్నాళ్ళుండవే" అని అక్క ఫోన్లో అడిగితే, రాజమండ్రిలో నేను పనిచేసే స్కూల్లో సెలవు పెట్టి బయల్దేరాను. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి మందులు తీసుకెళ్ళడం గురించి ఈమధ్య కొందరు అడుగుతున్నారు కాబట్టి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

బయల్దేరే ముందు మా వీధిలో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. లైసెన్సున్న మందుల షాపే, గోడకి పటం కట్టించి పెట్టుకున్నాడు. నొప్పి, వాంతులు, నిద్రలేమి అన్నీ చెప్పాక "పేషెంటు పేరేంటమ్మా?" అన్నాడు. విజయ అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, "సరిగ్గా సరిపోయింది" అంటూ లోపలికెళ్ళి గాజు సీసా తెచ్చాడు. నల్లటి లేహ్యం. పైన చీటీ మీద పెద్దక్షరాలతో 'విజయ', కింద చిన్నగా 'రాత్రిపూట ఒక చెంచా' అని ఉంది. పేషెంటు పేరు రాశాడనుకున్నాను. ఎందుకు నవ్వాడో అడగాలని తోచలేదు.

రాజమండ్రి నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి బొంబాయి రైల్లో వెళ్ళాను. బొంబాయి నుంచి దోహాకి విమానంలో మూడున్నర గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకుని దిగేసరికి ఉదయం పది. కస్టమ్స్‌లో ఒక ఆఫీసరు నా పెట్టె తెరిచి, ఆవకాయ జాడీ పక్కనపెట్టి, ఆ సీసా తీశాడు. మూత తిప్పి వాసన చూశాడు. "షూ హాదా?" అన్నాడు, ఇదేంటని. మెడిసిన్ అని, చీటీ మీద అక్షరాలు చూపించి, "విజయ, మై సిస్టర్" అన్నాను. అతను చీటీ వంక, నా మొహం వంక చాలాసేపు చూశాడు. సీసా మెల్లగా మూతపెట్టి, చీరల మధ్య ఎక్కడుందో అక్కడే పెట్టి, "యల్లా" అన్నాడు, ఇక వెళ్ళమని. బయట నారింజ, తెలుపు రంగుల ట్యాక్సీ పది రియాళ్ళకి ఊరి నడిబొడ్డున ముషైరిబ్‌లో దింపింది. కరెంటు సామాను షాపుల సందులో మూడంతస్తుల పాత బిల్డింగు, రెండో అంతస్తులో అక్క వాళ్ళిల్లు.

ఆరోజు పడుకునే ముందు ఒక చెంచా ఇచ్చాను. మర్నాడు తొమ్మిదైనా అక్క లేవలేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పెదాల మీద చిరునవ్వుంది, పిలిస్తే పలకట్లేదు. చేతి అద్దం తెచ్చి ముక్కు దగ్గర పెడితే మసక పట్టింది. లేచాక మాత్రం తను రెండిడ్లీలు తింది, ఆర్నెల్ల తర్వాత మొదటిసారట. ఇంకో రెండు రాత్రులూ అలాగే గడిచాయి.

శనివారం ఉదయం ఏడింటికి కిటికీ తెరిస్తే ఎదురు బిల్డింగు లేదు. ధూళిగాలి లేచి ఆకాశం, వీధి ఒకే తెలుపులో కలిసిపోయాయి. ఎదుటి ఫ్లాటులో ఉండే, అక్క వెళ్ళే ఆసుపత్రిలోనే నర్సైన సూసమ్మ నైట్ డ్యూటీ దిగి పలకరించడానికి వచ్చింది. మలయాళీ అమ్మాయి, అక్క దగ్గర రెండేళ్ళుగా తెలుగు నేర్చుకుంటోంది. అక్క తేటగా కూర్చుని ఉండటం చూసి సంతోషపడి, "ఏం మందు ఇచ్చారు?" అంది. సీసా తెచ్చిచ్చాను. మూత తీసింది. చీటీ కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది అక్క పేరు కాదు," అంది. గొంతు తగ్గిపోయింది. "మా నాన్న వైద్యశాలలో పనిచేశాడు. విజయ అంటే ఆకు పేరు. గంజాయి ఆకు."

"మా ఊళ్ళో షాపులో కొన్నాను. లైసెన్సుంది. చీటీ రాసిచ్చాడు."

"ఆ లైసెన్సు మీ ఊళ్ళో. ఇక్కడ పేషెంటైనా, ఆవిడ చెల్లెలైనా ఒకటే. మందని చెప్తే వినేవాళ్ళుండరు. జైలే." సీసా బల్లమీద పెట్టి, దాన్ని ముట్టుకున్న వేళ్ళు యూనిఫామ్‌కి తుడుచుకుంది. "నేనిది చూడలేదు. ఆసుపత్రిలో నొప్పికి మార్ఫిన్ ఇస్తారు, దానికి పేరు రాయించుకోవాలి. డాక్టరు నెలకిందటే ఉత్తరం ఇచ్చాడుగా. అక్కని అడగండి." తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగితే అక్క నన్నే చూస్తోంది.

"నాకు తెలుసే," అంది. "మొదటి చెంచాకే తెలిసింది. చిన్నప్పుడు తాతయ్య మందుల పెట్టెలో చదివిన పేరే."

"తెలిసి ఎలా తిన్నావక్కా? బావగారి ఉద్యోగం, మనందరి..."

"నిద్రపోవాలనిపించింది." పరుపు కిందకి చెయ్యి పోనిచ్చి ఒక కవరు తీసింది. డాక్టరు ఉత్తరం, అక్క తరఫున ఇంకొకరు మందు తెచ్చుకోవచ్చని బావగారు సంతకం పెట్టిన అంగీకార పత్రం రెండూ అందులోనే ఉన్నాయి. "ఆ మందు తెచ్చుకునేవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాస్తారట. నా పక్క మంచం ఆవిడ పేరు రాశారు. నెల తిరక్కుండా ఆ మంచం ఖాళీ. ఆ పుస్తకంలోకి వెళ్ళాలంటే భయమేసిందే."

నాకు కోపం రాలేదు. సీసా తీసుకుని బాత్రూంలోకెళ్ళి, లేహ్యం చెంచాతో గీకి తూములో వేసి, బకెట్ల కొద్దీ నీళ్ళు పోశాను. వేడి నీళ్ళు పోయడం నా తప్పు. పచ్చి ఆకు, నెయ్యి, బెల్లం కలిసిన వాసన గోడల్లోంచి లేచినట్టు లేచింది. కిటికీ తెరిస్తే వాసన బయటికి పోకపోగా ధూళి లోపలికొచ్చింది. అప్పుడు ఎవరో తలుపు కొట్టారు. మూడుసార్లు.

నేను కదల్లేదు. అక్క మంచం మీంచి వద్దన్నట్టు చెయ్యూపింది.

"అక్కా, నేను మల్లయ్యని. తలుపు తియ్యిండ్రి," అని మగ గొంతు. జగిత్యాల వైపు మనిషి, బిల్డింగు కాపలా చూస్తాడు. తీశాక లోపలికి రాలేదు, గడపలోనే నిలబడ్డాడు. చేతిలో ఫినాయిల్ డబ్బా ఉంది. "కింద మోరీల వాసనొస్తుంది. ఏం వాసనో నాకెరికే. నేనేం అడగ. ఇది మొత్తం పొయ్యిండ్రి, సల్లనీళ్ళు ఇడువుండ్రి."

డబ్బా అందుకుంటుంటే మెల్లగా అన్నాడు: "మా క్యాంపుల ఒకడుండె. ఊరికెళ్ళి వచ్చేటప్పుడు ఎవరో మందు పొట్లమిస్తే తెచ్చిండు. ఎయిర్‌పోర్టుల పట్టుకున్నరు. వాని మంచం మీద చెద్దరు పరిచినట్టే ఉన్నది, ఇంకా ఎవ్వరు పండుతలేరు. సీసా నాకియ్యిండ్రి." ఖాళీ సీసా చొక్కా కింద పెట్టుకుని మెట్లు దిగాడు. కిటికీలోంచి చూస్తే, నాలుగడుగులు వేసేసరికే అతను ధూళిలో కనబడకుండా పోయాడు.

పదింటికి కవరు, నా పాస్‌పోర్టు తీసుకుని ఆసుపత్రికి ట్యాక్సీ ఎక్కాను. మామూలుగా పది నిమిషాల దారి, లైట్లేసుకుని పాక్కుంటూ వెళ్తే అరగంట పట్టింది. డ్రైవరు పఠాన్, దారంతా ఒక్కటే మాట అన్నాడు: "ఇలాంటి రోజు ఎవరూ బయటికి రారు బెహన్." ఆసుపత్రిలో ఆ మందు ఇచ్చే కిటికీ పొడుగాటి వరండా చివర ఉంది. వరండాలో నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కిటికీ వెనక సూడాన్ నుంచి వచ్చిన పెద్దాయన, తెల్ల గడ్డం. అక్క చెప్పిన పుస్తకం ఆయన ముందే ఉంది.

కాగితాలన్నీ చదివి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. నేను విజిట్ వీసా మీద వచ్చినా, బావగారి అంగీకారం ఉంది కాబట్టి సంరక్షకురాలిగా నా పేరు రాస్తాడు. వారానికి సరిపడా మాత్రలిస్తాడు, ఖాళీ అట్టలు తిరిగి తేవాలి. ఒక పచ్చ కార్డు చూపించాడు. "దారిలో పోలీసు ఆపితే ఇది చూపించండి. ఇది మీ దగ్గరుంటే ఇవి మందు, మీకూ రోగికీ రక్షణ. లేకపోతే ఇవే మాత్రలు నేరం. కార్డు ఇంకొకరికి ఇవ్వకూడదు." కలం తీసి, తలెత్తకుండా అడిగాడు: "ఆమె ఇప్పుడు ఇంకేమైనా వాడుతోందా? నిద్రకి? నొప్పికి?"

లేదని చెప్తే సరిపోయేది. కానీ రెండూ కలిస్తే అక్క ఊపిరి ఏమవుతుందో నాకు తెలీదు. ముక్కు దగ్గర పెట్టిన అద్దం గుర్తొచ్చింది. ఉందని చెప్తే నేను ఆ వరండాలోంచి బయటికి రాకపోవచ్చు. కిటికీ అంచు పట్టుకున్న నా చేతుల్లోంచి ఫినాయిల్ కింద ఇంకా ఆ వాసన వస్తోంది.

"మా దేశం లేహ్యం," అన్నాను. "మూడు రాత్రులు. నిన్న రాత్రి చివరిది. ఇప్పుడు ఇంట్లో లేదు."

ఆయన కలం ఆగింది. నా వేళ్ళ వంక చూశాడు, తర్వాత నా మొహం. వరండాలో దూరంగా ఎవరివో బూట్ల చప్పుడు మొదలై, దగ్గరికొస్తోంది.

"అక్కడ కుళాయి ఉంది, సబ్బు ఉంది," అన్నాడు. "మోచేతుల దాకా కడుక్కుని రండి. తర్వాత సంతకం."

కడుక్కున్నాను. యూనిఫామ్‌లో ఉన్న మనిషి నా వెనకనుంచి నడిచి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి పెద్దాయన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఈరోజు రాత్రికి ఏమీ ఇవ్వొద్దని, రేపు ఉదయం సగం మాత్రతో మొదలుపెట్టమని, గంటగంటకీ ఊపిరి చూడమని కాగితం మీద రాసిచ్చాడు. పుస్తకంలో 'ఇతర మందులు' అన్న గడిలో 'ప్రస్తుతం లేవు' అని రాశాడు. కింద నేను తెలుగులో సంతకం పెట్టాను.

ఆ రాత్రి అక్క నొప్పితో గోడ గీరుతూనే ఉంది. మర్నాడు సగం మాత్ర వేసుకున్న గంటకి చేతులు వదులయ్యాయి. "పుస్తకం ఎలా ఉందే?" అని అడిగింది. మామూలు పుస్తకమే, గీతలు పడ్డ అట్ట, అన్నాను. "ఉత్త పుస్తకమేనా," అని నవ్వి, చారన్నం పెట్టమంది.

తర్వాత పదకొండు వారాలు నొప్పి పూర్తిగా పోలేదు గానీ, మనుషులతో మాట్లాడగలిగింది. బావగారితో కోప్పడింది, సూసమ్మకి గుణింతాలు దిద్దించింది. తను పోయాక నిబంధన ప్రకారం మిగిలిన మాత్రలు, కార్డు తిరిగివ్వడానికి వెళ్ళాను. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులతో అందుకున్నాడు. ఆ ఊళ్ళో నన్ను లోపలేయగల చట్టం, అక్కకి అన్నం తినిపించిన చట్టం ఒకటే. ఆ రోజు వాటి మధ్య ఒక కిటికీ, ఒక ముసలాయన ఉన్నారు. ఆ కిటికీలో ఇంకెవరైనా కూర్చుని ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ ఆలోచిస్తాను, ముఖ్యంగా ధూళి లేచిన రోజుల్లో.

మీరు ఎవరికైనా మందు తీసుకెళ్తుంటే ఒక్క పని చెయ్యండి: అందులో ఏమేం కలిశాయో మందిచ్చినవాళ్ళ చేత ఇంగ్లీషులో రాయించుకుని, టికెట్ కొనకముందే ఆ దేశం ఎంబసీకి చూపించండి. వాళ్ళు కాగితం మీద సరేనంటేనే పెట్టెలో పెట్టండి.