ముత్లా గుట్ట నీళ్ళు

1990 చలికాలం. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగి నాలుగు నెలలు దాటింది. నేను జహ్రాలో, ముత్లా గుట్ట కిందున్న ఒక ఇంట్లో ఇంటిపని చేసేదాన్ని. మా కడప వాళ్ళు చాలామంది ఊరికి వెళ్ళిపోయారు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నెలలు నిండిన మనిషి. ఆమెను వదిలి నేను కదల్లేదు. ఆమె భర్త పోలీసు. ఇరాక్ సైనికులు పోలీసులను పట్టుకుపోతున్నారని సర్దాబ్‌లో, అంటే ఇంటి కింది గదిలో, దాక్కున్నాడు. సోదాకు వచ్చిన ప్రతిసారీ మామా అతను సౌదీ వెళ్ళాడని చెప్పేది.

ఆ పెరట్లో ఎక్కడ తవ్వినా నున్నటి గులకరాళ్ళే. అవి నీళ్ళు పారే వంకలో తప్ప ఉండవు. వాన అరుదు కదా అని వంక దోవలోనే ఇల్లు కట్టుకున్నారు. పనిమనిషి మాట ఎవరు వింటారని నేనూ నోరు మెదపలేదు. అది నా తప్పే.

ఒకరోజు తెల్లవారుజాము నుంచి కుండపోత. పది గంటలకల్లా గుట్ట మీది నీళ్ళు బురదతో దిగి, పెరట్లోకి వచ్చి, పల్లం వైపున్న కింది గోడకు తగిలి నిలిచిపోయాయి. మట్టం పెరుగుతోంది. సర్దాబ్ మెట్లు ఆ పెరట్లోనే. మామా అంత కడుపుతోనూ ఇసుక బస్తా ఈడుస్తోంది.

"వంకను ఆపేకి కాదు మామా. దానికి దోవ ఇయ్యాల. కింది గోడ పగలగొడతా."

"అటు సైనికులున్నారు. చప్పుడు వింటారు."

"మునిగేది నీ మొగుడు."

ఆమె బస్తా వదిలేసి సుత్తి నా చేతికిచ్చింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేశానో లేదో, గేటు తోసుకుని నెరిసిన మీసాల సైనికుడొకడు వచ్చాడు. నీళ్ళను చూశాడు. తుపాకి గోడకు ఆనించి, నా చేతిలోని సుత్తి లాక్కున్నాడు. నేను కొట్టిన చోటు మెరక అని గొణిగి, పల్లం వెతికి కొట్టాడు. నాలుగు ఇటుకలు రాలగానే నీళ్ళు బయటికి ఉరికాయి.

అప్పుడు సర్దాబ్ మెట్ల మీద విడిచిన మగ చెప్పులు తేలుతూ వచ్చి అతని బూట్లకు తగిలాయి.

అతను చెప్పులను చూశాడు. మెట్ల కింద మూసిన తలుపును చూశాడు. మామా కడుపు చూశాడు. అతను వంగి చెప్పులు తీసి, నీళ్ళు విదిలించి, పొడి గట్టు మీద జతగా పెట్టాడు.

"లోపల దాచుకోండి. తోలువి, నానితే పాడవుతాయి," అన్నాడు. తుపాకి తీసుకుని, గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

మామా ఆ బురదలోనే కూలబడి నా చేయి పట్టుకుని ఏడ్చింది. ఇట్లా తడిస్తే బిడ్డకు జలుబు చేస్తుందని కసురుకుని లేపాను. కసిరానే గాని, ఆ చేయి చాలాసేపు వదల్లేదు.

ముప్పై ఏళ్ళు పరాయి ఇళ్ళలో పనిచేశాను. కంటబడినదాన్ని కడుపులో దాచుకోవడం పనివాళ్ళ బుద్ధి అనుకునేదాన్ని. తుపాకి పట్టినవాడికీ ఆ బుద్ధి ఉండొచ్చని, దాని వల్ల ఒక బిడ్డకు తండ్రి మిగులుతాడని ఆ ఇంట్లోనే తెలుసుకున్నాను.