గంజి చీర మీద నీలం మచ్చ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, దుమ్ముగూడెం దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో నాకు సైన్స్ టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. మొదటి ప్రయోగం రోజు దర్జాగా కనపడాలని గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల నేతచీర కట్టుకుని, అయోడిన్ సీసాతో తొమ్మిదో తరగతిలోకి వెళ్లాను.

"పిండిపదార్థం ఉంటే ఈ మందు నల్లగా, నీలంగా మారుతుంది" అని అన్నం మెతుకు మీద చుక్క వేశాను. మెతుకు సిరా తాగినట్టయింది. ఇంక పిల్లల్ని ఆపడం నా వల్ల కాలేదు. చిలగడదుంప, పచ్చి అరటికాయ, ఒకమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న అడవిదుంప, ఏది పెడితే అది నల్లబడుతుంటే ఒకటే కేకలు. గుడ్డు తెల్లసొన ఒక్కటే మారలేదు. "అది మాంసకృత్తు" అన్నాను, నేనే పెట్టిన గుడ్డయినట్టు గర్వంగా.

వెనక బెంచీ అమ్మాయి నోటుబుక్కు ముందుకు తోసింది. "మేడం, మరి కాయితం?"

"కాయితమంటే సెల్యులోజ్. అది మారదు" అని ధీమాగా చుక్క వేశాను.

కాయితం నల్లబడింది.

సీసా మీది చీటీ మరోసారి చదివాను. ఆ అమ్మాయే నా మీద జాలిపడి లేచింది. "మా నాయిన సారపాకల కాయితం మిల్లుల పనిచేస్తడు మేడం. కాయితం గట్టిగుండాలని గంజి గూడ కలుపుతరంట. మీ చీరకు పెట్టినట్టే."

చీర వైపు చూసుకునే కంగారులో సీసా వంచేశాను. కుచ్చిళ్ల మీద అరచేయంత నీలం మచ్చ!

"మేడం చీరల గూడ పిండి ఉంది!" అని క్లాసంతా బెంచీలెక్కింది. నేను నవ్వీ నవ్వీ బల్ల పట్టుకుని కూలబడ్డాను. గోల విని వంటక్క గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏందే గీ లొల్లి? ఆగు బిడ్డా, నీళ్లతోని తుడవకు" అని నిమ్మచెక్క తెచ్చి మచ్చ మీద రుద్దింది. నీలం మా కళ్లముందే మాయమైంది.

"ఎట్ల పోయింది మేడం?"

"నాకు తెలియదు" అన్నాను. టీచరునయ్యాక ఆ మాట అనాల్సి వస్తుందేమోనని ఎంత భయపడ్డానో! తీరా అన్నాక ఒళ్లు తేలికైంది. నిమ్మరసంలోని విటమిన్ సి ఆ రంగును విరిచేస్తుందని ఆదివారం భద్రాచలంలో ఒక లెక్చరర్‌ని అడిగి తెలుసుకుని, సోమవారం గంట కొట్టకముందే పిల్లలకు చెప్పేశాను.

ఆ నెలలో కూతురిని చూడటానికి వచ్చిన మిల్లు నాయిన్ని పట్టుకుని బోర్డు దగ్గర నిలబెట్టాం. ఆయన సిగ్గుపడుతూ మొదలుపెట్టి, వెదురు గుజ్జయ్యి కాయితమయ్యేదాకా గంటసేపు చెప్పాడు. మధ్యలో రెండుసార్లు కూతురే ఆయన్ని సరిదిద్దింది.