తిల్దాలో చెప్పని మాట

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్ల గంగాభవాని. తండ్రి రామయ్య బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి లోకోషెడ్డులో ఫిట్టరుగా స్థిరపడ్డవాడు. 1968లో కూతురికి క్షయ మీద పరిశోధన చేసే ఒక చిన్న ప్రయోగశాలలో ఉద్యోగం దొరికిందని తెలిసినప్పుడు ఆయన సంతోషించాడో భయపడ్డాడో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ రోగం పేరెత్తితేనే జనం గుమ్మం దిగిపోతారు. నువ్వు దాంతోనే కాపరం చేస్తానంటావేటే?" అన్నాడు.

కాపరమే చేసింది. రోగుల కళ్ళెను గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఎర్రటి పుల్లల్లా కనబడే క్రిములను వెతకడం మొదట ఆమె పని. తరువాత పెద్ద డాక్టరు ఇంకో పని అప్పగించాడు. గుడ్డుసొనతో చేసిన ముద్ద మీద ఆ క్రిములను పెంచి, గాజు గొట్టాల మూతులు మైనంతో మూసి, గాలి ఆడకుండా నెలల తరబడి ఉంచాలి. గాలీ తిండీ అందని క్రిమి చస్తుందా, లేక ముడుచుకుని నిద్రపోతుందా? పెరుగుతున్న క్రిమిని చంపే మందు నిద్రపోయిన క్రిమిని చంపగలదా? ఆయనకు కావలసిన జవాబు అదీ.

పక్క క్వార్టరులో గ్యాంగ్‌మన్ పరదేశి, అతని భార్య అప్పలనరసమ్మ, అయిదేళ్ళ కూతురు ఊర్మిళ ఉండేవారు. ఆ చలికాలం నరసమ్మ దగ్గితే కొంగుకు నెత్తురంటింది. గంగాభవానే ఆమె కళ్ళెను సీసాలో పట్టుకెళ్ళి చూసింది. పలకంతా ఎర్ర పుల్లలే. ఆ కళ్ళె నుంచి పెంచిన క్రిములను పదిహేడో నంబరు గొట్టంలో పెట్టి మూసింది.

ఏడాదిన్నర మందులు వాడాలన్నారు. రెండు నెలలు సూదులు పొడిచారు. తరువాత రోజూ గుప్పెడు బిళ్ళలు. ఆరో నెల దాటేసరికి నరసమ్మకు దగ్గు పోయింది, ఒళ్ళు వచ్చింది. వరసగా మూడుసార్లు పలక శుభ్రంగా ఉంది.

"భవానమ్మా, నిజం చెప్పు. ఇంకా ఉన్నాయేటి లోపల?" అని నరసమ్మ గోడ అవతలి నుంచి అడిగింది.

"లేవక్కా. మూడుసార్లు చూశాను. బిల్కుల్ సాఫ్."

"మరింక ఈ బిళ్ళలెందుకమ్మా? మింగితే కడుపులో తిప్పేస్తన్నాది. గుంటకి ఇంత అన్నం వండి పెట్టలేకపోతన్నాను."

గంగాభవానికి ప్రయోగశాలకు ఆలస్యమవుతోంది. డాక్టరుగారిని అడక్కుండా మానవద్దని చెప్పవలసింది. "అంత బాధగా ఉంటే కొన్నాళ్ళు ఆపి చూడక్కా," అంది చెప్పులు తొడుక్కుంటూ.

నరసమ్మకు ఆ ఒక్కమాట చాలు. మందులు మళ్ళీ ముట్టలేదు. నాలుగు నెలల్లో పరదేశికి దగ్గరలోని తిల్దా స్టేషనుకు బదిలీ అయింది, వాళ్ళు వెళ్ళిపోయారు.

1971 వానాకాలంలో పెద్ద డాక్టరు పాత గొట్టాలు తెరవమన్నాడు. గంగాభవాని వాటిలోని క్రిములను కొత్త ముద్ద మీదకు మార్చింది. కొన్నిటికి అంతకుముందే మందు కలిపి వారాల తరబడి ఉంచింది. అయిదు వారాలు ఏమీ లేదు. ఏడో వారం ముద్ద మీద గరుకుగా, పాలిపోయిన పసుపు రంగులో చిన్న చిన్న బొడిపెలు లేచాయి. మందులో నానినవి కూడా లేచాయి. రెండున్నరేళ్ళు చచ్చినట్టు పడి ఉన్న క్రిములు లేచి కూర్చున్నాయి. పెద్ద డాక్టరు అందరినీ పిలిచి చూపించాడు. గంగాభవాని కాళ్ళు ఆ రోజంతా నేల మీద నిలవలేదు.

అన్నిటికన్నా బాగా పెరిగింది పదిహేడోది. సాయంత్రం వివరాలు రాయడానికి రిజిస్టరు తెరిస్తే ఆ నంబరుకు ఎదురుగా తన చేతిరాతలోనే ఉంది: అప్పలనరసమ్మ.

నరసమ్మ ఒంట్లోనూ క్రిములు ఇలాగే నిద్రపోతూ ఉంటే? గొట్టం వేరు, మనిషి ఒళ్ళు వేరు అని వారం రోజులు తనకు తాను నచ్చజెప్పుకుంది. ఉండబట్టలేక ఆదివారం పొద్దున్నే పాసింజరు ఎక్కి తిల్దా వెళ్ళింది.

నరసమ్మ రైసుమిల్లు కళ్ళంలో వడ్లు ఎండబోస్తోంది. తప్పిపోయిన చెల్లెలు దొరికినట్టు పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. పక్కన పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళను పిలిచి, వాళ్ళ భాషలో, తనను బతికించింది ఈవిడేనని చెప్పింది. వాళ్ళలో ఒక ముసలమ్మ గంగాభవాని కాళ్ళకు దండం పెట్టింది. మధ్యాహ్నం నరసమ్మ చేపల పులుసు వండి పెట్టింది. ఊర్మిళ "పిన్నీ, పిన్నీ" అంటూ ఒళ్ళోంచి దిగలేదు.

"అక్కా, మందులు..." అని ఒకసారి నోరు తెరిచింది గంగాభవాని.

"ఆ మాటెత్తకమ్మా. నువ్వు ఆపమన్నావు, నాను బతికిపోయాను," అని నవ్వింది నరసమ్మ.

గంగాభవాని మళ్ళీ పులుసు వడ్డించుకుంది. ఈసారి వచ్చినప్పుడు చెబుదామనుకుంది. ఆ 'ఈసారి' రాలేదు. సాయంత్రం బండెక్కింది, మళ్ళీ తిల్దా వెళ్ళలేదు. రెండేళ్ళకు నిద్రపోయే క్రిముల మీద వ్యాసం అచ్చయింది. పదిహేడో నంబరు గురించి అందులో ఒక పేజీ ఉంది.

1975లో పరదేశి భార్యను భుజం మీద ఆనించుకుని ప్రయోగశాల మెట్లెక్కాడు. నరసమ్మ ఊపిరితిత్తులు రెండింటినీ క్రిములు తినేశాయి. వేసిన మందేదీ పట్టలేదు. "నువ్వు బాగుచేసినావు. మళ్ళీ రావడం నా రాత," అని ఆమె గంగాభవానికే ధైర్యం చెప్పింది. అప్పుడైనా నోరు విప్పవలసింది. చచ్చిపోయే మనిషికి చెప్పి ఏం లాభమని ఊరుకుంది. నరసమ్మ మరుసటి ఏడు పోయింది.

1984లో ఊర్మిళ వచ్చింది. పెళ్ళయి, రాయపూర్‌లోనే దేవేంద్ర నగర్‌లో కాపురం. భర్త భీమారావు ఒక ఆఫీసులో గుమాస్తా. "పిన్నీ, నెలన్నర నుంచి దగ్గు," అంది. గంగాభవాని పలక తనే చూసింది. ఎర్ర పుల్లలు.

ఆ రోజు దాచలేదు. ఆపమన్న మాట, పదిహేడో గొట్టం, తిల్దా ఆదివారం, అంతా వరసగా చెప్పింది.

"మీరు వచ్చింది నాకు గుర్తే. చేపల పులుసు తిన్నారు," అంది ఊర్మిళ చివరికి.

"అవునమ్మా."

"మందు మానడం అమ్మ తప్పో మీ తప్పో నాకు తెలీదు. తెలిశాక చెప్పకపోవడం మాత్రం మీ తప్పే."

"నా తప్పే."

"మందులు మా ఆయన చేతికివ్వండి మేడమ్. మీ చేత్తో నాకొద్దు."

పిన్నీ అనే పిలుపు అక్కడితో ఆగిపోయింది.

కొత్త మందులు వచ్చిన రోజులు. వాటిలో ఒకటి నిద్ర నుంచి లేచే క్రిమిని కూడా పడగొట్టేది. ఏడాదిన్నర వైద్యం ఆరు నెలలకు దిగింది. ఆ ఆరు నెలలూ గంగాభవాని రోజూ దేవేంద్ర నగర్ వెళ్ళి గేటు బయటే నిలబడేది. భీమారావు రాగానే "మింగిందా?" అని అడిగేది. "మింగిందండీ" అంటే తిరిగి వచ్చేది. ఊర్మిళ కిటికీలోంచి చూసేది కాని, లోపలికి రమ్మనలేదు. మందు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. బాగుపడింది.

తరువాత గంగాభవాని పాత రిజిస్టర్లు ముందేసుకుని, మందులు మధ్యలో ఆపినవాళ్ళ పేర్లు రాసుకుని, ధర్సీవా వైపు పల్లెలన్నీ తిరిగింది. కొందరు తలుపు వేసేశారు. కొందరు అప్పటికే పోయారు. ఇద్దరిలో రోగం తిరగబెడుతున్నట్టు వేళకు బయటపడింది. వాళ్ళు బతికినందుకు ఆమెకు సంతోషం కలిగేది. నరసమ్మ విషయంలో ఆ సంతోషం ఏ మూలకూ సరిపోయేది కాదు.

1992లో ఒక మధ్యాహ్నం ఊర్మిళ పక్కింటి శేషమ్మను వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది. శేషమ్మకూ అదే రోగం; మూడు నెలల మందుకే ఒళ్ళు తేలికపడిందని మానేస్తానంటోంది.

"మా అమ్మ సంగతి చెప్పండి. పేరుతో సహా," అంది ఊర్మిళ.

గంగాభవాని చెప్పింది. ఊర్మిళ బల్ల చివర కూర్చుని గోడకేసి చూస్తూ విన్నది. అయ్యాక శేషమ్మను లేపి, మందుల పొట్లం ఆమె చేతిలో పెట్టి, వెళ్ళొస్తామని కూడా అనకుండా బయటికి నడిచింది.

శేషమ్మ ఆరు నెలలూ పూర్తిగా వాడింది. ఊర్మిళ మళ్ళీ తను రాలేదు. మందులు మానేస్తామన్నవాళ్ళను మాత్రం ఏడాదికి ఒకరిద్దరిని పంపిస్తూనే ఉండేది.