ఎడమ పక్క తిమింగలం

చిన్నమామయ్యకు ఒక్కటే జబ్బు. నీళ్ళు కనబడితే చాలు, అందులో తిమింగలం కనబడేది. సముద్రమే అక్కర్లేదు, చెరువైనా సరిపోయేది. ఆయన వృత్తి కళ్ళజోళ్ళ అమ్మకం. చుట్టాల్లో ఒక్కరూ ఆయన కొట్లో కళ్ళజోడు కొనలేదు.

తీరం వెంబడి తిరిగే ఆ చిన్న ఓడలో సగంమంది కొత్తకోడలి అత్తవారివాళ్ళే. అందరూ సముద్రపక్షుల్నీ, డాల్ఫిన్లనీ చూడాలని ఎక్కారు. కోడలు మాత్రం మొదటి అలకే కడుపు పట్టుకుని కుడివైపు కమ్మీ దగ్గరికి పరుగెత్తింది.

"అదిగో తిమింగలం! ఎడమ పక్క!" చిన్నమామయ్య కేక.

ఓడంతా ఎడమ పక్కకు ఉరికింది.

"ఏదీ?"

"ఇప్పుడే మునిగింది."

"ఎంతుంది?"

"మన వంటిల్లంత."

ఆ సందట్లో కోడలు తన పని కానిచ్చుకుని మూతి తుడుచుకుంది.

మధ్యాహ్నానికి ఆ తిమింగలం మునగని చోటు లేదు. కెప్టెన్ స్వయంగా వచ్చి, "అయ్యా, దాన్ని ఒకసారి కుడిపక్క కూడా లేపండి. అందరూ ఇలా ఒకే పక్కకొస్తే మునిగేది మనం" అని బతిమాలాడు.

"నా చేతిలో ఏముందండీ, దాని ఇష్టం."

రబ్బరు పడవలో దారిలోని ఒక దీవికి వెళ్తున్నప్పుడూ అదే గోల.

"మా మరిదికి చూపు బాగానే ఉంది. అతను చూసేవే అక్కడ ఉండవు" అంది అత్తగారు.

సాయంత్రం మళ్ళీ కేక. జనం ఎడమకు, కోడలు కుడికి. తలెత్తేసరికి పక్కనే చిన్నమామయ్య. ఆమెకు వీపు తిప్పి నిలబడి, నీళ్ళసీసా పట్టుకున్న చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు.

"కావాలనే అరుస్తున్నారా మామయ్యా?"

"ముందు పుక్కిలించమ్మా. కొత్తకోడలు వాంతి చేసుకోవడం మా వదిన కంటబడిందంటే, ఓడ దిగేలోపు పిల్లాడికి పేరు పెట్టేస్తుంది."

"మరి మొన్న చెరువులో?"

"అది నిజంగానే కనబడింది."

ఆయన ఇటు తిరిగి ఆ మాట అంటుండగానే వాళ్ళ ముందు నీళ్ళు చీలాయి. ఓడకన్నా పొడుగైన నల్లటి వీపొకటి తీరిగ్గా లేచి, బుస్సుమని ఊపిరి వదిలింది. ఆ తుంపరంతా చిన్నమామయ్య మీదే పడింది. కోడలు అరవబోయింది.

"పిలవకు" అన్నాడు ఆయన, రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తూ. "నీ మొహం ఇంకా పాలిపోయే ఉంది. పసిగడతారు."

తిమింగలం తోక ఎత్తి, నెమ్మదిగా లోపలికి జారిపోయింది.

జనం గొణుక్కుంటూ వెనక్కి వచ్చారు. అత్తగారు ఆగి, మరిదిని ఎగాదిగా చూసింది.

"ఇదేం తడి?"

తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతూ, చేపలవాసన కొడుతూ, చిన్నమామయ్య ఎంతో వినయంగా చెప్పాడు:

"సీసా ఒలికింది వదినా."