హాడో బడిలో మానిటర్ వెలిగిన ఆదివారం

శుక్రవారం సాయంత్రం హెడ్మాస్టరుగారు స్టోరురూము గుమ్మంలో నిలబడి, ఆ కంప్యూటర్‌ను సోమవారం పాతసామాన్ల లారీకి ఎక్కించేస్తానని చెప్పారు. ఆయన హిందీ మాట్లాడే మనిషి, చాలా నెమ్మదస్తుడు. కోపంగా కూడా అనలేదు. కానీ ఆ కంప్యూటర్ ఆ స్థితికి రావడానికి కారణం నేనే.

అప్పటికి నేను మా దీవిలో హాడో అనే పేటలోని ఆ బడిలో తెలుగు చెప్పడానికి చేరి రెండేళ్ళయింది. కాంట్రాక్టు ఉద్యోగం. పరీక్షలొస్తే తెలుగు ప్రశ్నపత్రాలన్నీ చేత్తో రాయాలి. మిగతా పంతుళ్ళు తమ పత్రాలు బజారులో టైపు చేయించుకునేవారు, హిందీకీ ఇంగ్లీషుకీ మనుషులున్నారు. తెలుగుకు ఊళ్ళో ఎవరూ లేరు. నా వేళ్ళు వాచిపోయేవి. పైగా నా దస్తూరీ ఏమంత గొప్పది కాదు. మా ఇంట్లో తెలుగే మాట్లాడినా నేను చదువుకున్నదంతా హిందీ బడిలో. అక్షరాలు దిద్దించింది నాన్న. ఆయన శ్రీకాకుళం తీరంలో అయిదో తరగతి దాకా చదివి, తాతతో ఓడెక్కి ఇక్కడికి వచ్చినవాడు. మిగతా జీవితమంతా పడవ మీదే.

హార్బరు దగ్గర ఒక ఆఫీసువాళ్ళు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని, పాతదాన్ని మా బడికి ఇచ్చారు. అందులో ఏ ప్రోగ్రామూ లేదు, అంతా తుడిచేసి ఇచ్చారు. విశాఖపట్నంలో నాతో ట్రైనింగు చేసిన స్నేహితురాలికి ఈ సంగతి రాస్తే ఆమె పోస్టులో ఒక సీడీ పంపింది. అందులో ఉన్నది కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ప్రోగ్రామట. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చు. ఉత్తరం చివర ఆమె రాసిన మాట చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అందులో తెర మీది మాటలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చట. ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్ళు తీరిక వేళల్లో కూర్చుని వాటిని తెలుగు చేస్తున్నారట.

ఓడ ఆలస్యమై ఆ సీడీ పదిహేను రోజులకు చేరింది. శుక్రవారం బడి అయ్యాక దాన్ని ఎక్కించాను. నల్లటి తెర మీద తెల్లటి వరసలు గబగబా పరుగెత్తాయి. అంతా సవ్యంగా సాగి, ఇక బొమ్మలతో అసలు తెర రావాలనగా ఒక్కసారి చీకటైపోయింది. ఆ చీకట్లో చిన్న పెట్టె ఒకటి అటూ ఇటూ తిరుగుతూ, అవుట్ ఆఫ్ రేంజ్ అని ఇంగ్లీషులో చెబుతోంది. హెడ్మాస్టరుగారు గుమ్మంలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే.

సోమవారం దాకా ఆగమని బతిమాలాను. ఆయన తాళంచెవి నా చేతికిచ్చి, "ఠీక్ హై, మండే తక్," అన్నారు.

శనివారం పొద్దున్నే అబర్డీన్ బజారుకు వెళ్ళాను. బస్టాండు వెనక మేడమెట్ల కింద ఇంటర్నెట్ కొట్టు ఉండేది. మాకు ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఉపగ్రహం నుంచి రావాలి. మబ్బు పడితే మందగించేది. కొట్టతను కూడా మావైపు వాళ్ళబ్బాయే, ఇక్కడే పుట్టాడు.

"దీదీ, లైన్ ఆజ్ బహుత్ స్లో ఉంది. ఒక్క పేజీ రావడానికే పది నిమిషాలు," అన్నాడు.

ఎంతసేపైనా ఉంటానన్నాను. స్నేహితురాలు రాసిపెట్టిన చిరునామాకు, అంటే ఈ లినక్స్ వాడేవాళ్ళు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే చోటికి, నాకొచ్చిన ఇంగ్లీషులో నా కష్టం రాశాను. పంపాక బయటికొచ్చి టీ తాగాను. తోచక చేపల మార్కెట్టు దాకా నడిచి వచ్చాను. మళ్ళీ వచ్చి కూర్చునేసరికి జవాబు ఉంది. ఎవరో, ఏ దేశమో, పేరు చూస్తే ఆడో మగో కూడా తెలియదు. నాకోసం ఒక మనిషి ఒక పేజీ నిండా రాశారు.

మీ కంప్యూటర్ బాగానే ఉంది, అని మొదలైంది ఆ ఉత్తరం. అది బొమ్మను పంపే వేగం మీ పాత మానిటర్ అందుకోలేకపోతోంది, అంతే. మానిటర్ వెనక చీటీ మీద దాని వేగం ఎంత నుంచి ఎంత వరకో అంకెలుంటాయి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ వన్ మీటలు కలిపి నొక్కితే నల్లతెర వస్తుంది. అక్కడ ఫలానా ఫైలు తెరిచి ఆ అంకెలు రాయండి. జాగ్రత్త, ఎక్కువ రాస్తే పాత మానిటర్ కాలిపోవచ్చు.

అంతా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను, చుక్కలూ గీతలూ కూడా వదలకుండా. బస్సు కోసం ఆగాలనిపించలేదు. హాడో దాకా నడిచే వచ్చాను.

ఆదివారం నాన్న కూడా బడికి వచ్చాడు. ఆ మానిటర్ రుబ్బురోలంత బరువు, నేనొక్కదాన్ని తిప్పలేను. ఇద్దరం కలిసి దాన్ని గోడవైపు నుంచి ఇవతలికి తిప్పాం. వెనక చీటీ ఉంది. కానీ హార్బరు గాలికి సగం పొట్టులా రాలిపోయింది. ముప్పై అన్న మొదటి సంఖ్య స్పష్టంగా ఉంది. గీత తర్వాత రెండో సంఖ్యకు కింది సగం మాత్రమే మిగిలింది. ఒక గుండ్రటి వంపు, పక్కన సున్నా.

నాన్న కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూశాడు. "అయిదో ఆరో తెలడంలేదమ్మా. ఉప్పుగాలి తినీసినాది."

నాకు ఆగే ఓపిక ఎక్కడిది? ఆరు అనుకుని అరవై రాసేశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఈసారి తెర నల్లబడలేదు. వాలుగీతలు చీలికలు చీలికలుగా పరుగెత్తాయి, దానితోపాటు పెట్టెలోంచి సన్నగా కీచుమని ఒక కూత మొదలై అంతకంతకు పెరిగింది. నేను బొమ్మ వస్తోందన్న సంబరంలో తెర కేసి వంగి చూస్తున్నాను. నాన్న ఒక్క అంగలో వచ్చి ప్లగ్గు లాగేశాడు.

కాల్చేశాననే అనుకున్నాను. నాన్న మానిటర్ వెనక చెయ్యి పెట్టి చూసి, వాసన చూసి, ఏమీ కాలేదన్నాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని నా కేసి చూశాడు.

"ఇంజినుకి ఒకేపాలి ఫుల్లు ఇచ్చీత్తారేటి? తక్కువలో ఎట్టు. సౌండు ఇను. అప్పుడు మెల్లగ పెంచు."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చోవడం అదే మొదటిసారి. కానీ నేను నోటుబుక్కులో రాసుకున్న పేజీ మొత్తం ఆ నాలుగు మాటల్లో ఉంది. అది చల్లారేదాకా ఆగి, ప్లగ్గు పెట్టి నల్లతెరకు వెళ్ళి, ఈసారి అన్నిటికంటే చిన్న బొమ్మ, అన్నిటికంటే తక్కువ వేగం రాశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాం. తెల్లటి వరసలు వచ్చి పోయాయి. తెర ఒకసారి రెప్ప వేసినట్టయింది. తర్వాత మధ్యలో చిన్న బాణం గుర్తు నిలబడింది. మౌస్ కదిపితే అది కదిలింది.

నేను నాన్న భుజం పట్టుకుని ఊపేశాను. ఆయన వేలు పెదవి మీద పెట్టుకుని ఇంకా శబ్దమే వింటున్నాడు. లేదు, కూత లేదు. తర్వాతి మెట్టు పెంచాం. బొమ్మ పెద్దదై చక్కగా కుదురుకుంది. ఇంకో మెట్టు పెంచితే ఆ కీచు సన్నగా వినబడింది. వెంటనే వెనక్కి తగ్గాం. చీటీ మీద పోయిన అంకె అయిదని అప్పుడు తేలింది.

కానీ సంతోషం సగమే. తెల్లగా ఉండాల్సిన చోటంతా పసుపునీళ్ళు చల్లినట్టుంది. ఈ సంగతి కూడా ఆ ఉత్తరంలో చివరి వాక్యంలో ఉంది. రంగు తేడాగా ఉంటే మానిటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగ చివర ముళ్ళు చూడండి, అని. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరు ముళ్ళ గుండా వస్తాయట. తీగ ఊడదీసి వెలుతురులో పెట్టి చూశాం. వరసలో ఒక ముల్లు పక్కకు వంగి పడుకుని ఉంది. నీలం రావాల్సిన దారి అదేనన్నమాట.

నాన్న ఇంటికి వెళ్ళి గాలాలు సరిచేసే సన్నమూతి పటకారు తెచ్చాడు. ఆ తీగ మానిటర్‌లోంచే వస్తుంది, ముల్లు విరిగితే వేరే తీగ తగిలించే వీలు లేదు. ఆ మాట చెప్పాలా వద్దా అని ఆలోచించి చివరికి చెప్పేశాను. ఆయన తల ఊపి, తీగ చివరను మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు. వెంట్రుకంత ముల్లు. ఒకసారి కాస్త ఎత్తి ఆగాడు. మళ్ళీ కాస్త ఎత్తాడు. పక్కనున్న తెలుగు చర్చిలో పాట మొదలై పూర్తయ్యేదాకా అలా ఎత్తుతూ ఆగుతూనే ఉన్నాడు. చివరికి ఆయన తీగ నా చేతిలో పెట్టి, తగిలించమన్నాడు.

తగిలించగానే తెర నీలంగా మారింది. మధ్యలో ఉన్న పెట్టె పాలలా తెల్లబడింది. ఈసారి నాన్నే నవ్వాడు, గట్టిగా.

ఇక భాషల పట్టీ తెరిచి తెలుగు ఎంచుకున్నాను. తెర మూసుకుని మళ్ళీ తెరుచుకుంది. పైన వరసగా తెలుగు అక్షరాలు. నేను తెలుగు పంతులమ్మనే, కానీ తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ తెర మీద చూడడం అదే మొదటిసారి. నాన్న ముందుకు వంగి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. దస్త్రము. సవరణ. భద్రపరచు.

"దస్త్రం మనూర్లో కరణం దగ్గిర ఉండీది," అన్నాడు. "బాగ్ ఎట్టినారు."

ఒకచోట వత్తు అక్షరం కింద ఉండకుండా పక్కకు జారి కూర్చుంది. ఆయన దాన్ని కూడా పట్టేశాడు. ఇవన్నీ ఎవరు రాశారని అడిగితే, తెలుగువాళ్ళే, జీతం లేకుండా రాశారని, తప్పులుంటే చెప్పమంటున్నారని చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత, అలాగైతే ఆ వత్తు సంగతి వాళ్ళకు రాయమన్నాడు. వచ్చే వారమే రాశాను. ఆ సంగతి తెలిసిందనీ సరిచేస్తున్నామనీ జవాబు వచ్చింది.

ఆ మధ్యాహ్నం భోజనం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. కీబోర్డు మీద ఏ తెలుగు అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ, ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను. క దొరికితే నాన్న గట్టిగా చదివేవాడు. క్ష కోసం చాలాసేపు తిప్పలుపడ్డాం.

సోమవారం హెడ్మాస్టరుగారు లారీ మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. తెర మీద అప్పటికే ఆరో తరగతి తెలుగు ప్రశ్నపత్రం సగం కొట్టి ఉంది. ఆయనకు తెలుగు చదవడం రాదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చుని, పై నుంచి కింది దాకా వరస వరసా చూశారు. ఇది ఏం అడుగుతోంది, ఇది ఏం అడుగుతోంది అని నాచేత చదివించుకున్నారు. లారీ మనిషి కాస్త ఆగి, విరిగిన బెంచీలు మాత్రం తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన నన్ను గదిలోకి పిలిచి, ఆ ఆఫీసులో ఇలాంటివి ఇంకా మూడు మూలన పడి ఉన్నాయట, తెప్పించమంటారా అని హిందీలో అడిగారు. ఆయన మాట పూర్తికాకముందే తెప్పించమన్నాను. శనివారం జీపులో వచ్చాయి. మొదటిది వేసి చూస్తే తెర మొత్తం ఆకుపచ్చగా వెలిగింది. నేను చీర కొంగు నడుముకు దోపుకుని, తీగ ఊడదీసి, ముళ్ళు చూడడానికి దాని చివరను కిటికీ వెలుతురు కేసి తిప్పాను.