బెల్టు తీసిన కుట్టుమిషను

విశాఖపట్నంలో పిల్లల కౌన్సెలరు గది బయట బల్లమీద కూర్చొని ఉన్నాను. లోపల నా మనుమరాలు ఉంది. దానికి ఏడీహెచ్‌డీ ఉన్నదని, అంటే దృష్టి ఒకచోట నిలవదనీ ఒళ్ళు కుదురుగా ఉండదనీ డాక్టరు చెప్పి, ఈ కౌన్సెలరు అమ్మాయి దగ్గరకు పంపించారు. మొదటి రోజు నన్నూ లోపల కూర్చోనిచ్చింది. ఒక్క సలహా ఇవ్వలేదు. పిల్ల చెప్పినదంతా విని, "అప్పుడు నీకెలా అనిపించింది?" అని అడిగి ఊరుకుంది. హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన నాకు అది బొత్తిగా క్రమం లేని వైద్యంగా తోచింది. ఇవాళ ఇలా బయట కూర్చొని ఉండగా కిటికీ కింది దర్జీ దుకాణంలో ఎవరో మిషను తొక్కడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు చెవిన పడగానే నా కుడిపాదం తనంతట తానే కదిలింది. ఈ వైద్యం నాకు కొత్త కాదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

అరవైల చివర, చోడవరంలో ఏడో తరగతి చదువుతున్నప్పుడు, తోటిపిల్లలు నన్ను 'బొంగరం' అనేవారు. బెంచీమీద కూర్చున్న కాసేపటికే లేచేదాన్ని. లేవవద్దంటే పెన్సిలు కొరికేదాన్ని. పాఠం నడుస్తుండగా నా చెవులు వడ్డాది వైపునుంచి వచ్చే చెరకుబండ్ల వెంట వెళ్ళిపోయేవి. మాష్టార్లు తిట్టారు, కొట్టారు, గోడకుర్చీ వేయించారు. మా నాన్న చెరకు కాటా దగ్గర గుమస్తా. తూకంలోగాని మాటలోగాని తేడా రానివ్వని మనిషి. మూడునెలల పరీక్షల్లో నేను అన్నీ తప్పేసరికి ఆయన బడికి వచ్చి, కుట్టుపని నేర్పే హమీదా టీచరుగారితో నా ముందే చెప్పేశారు.

"దీనికి సదువెక్కదండి. అర్ధసంవత్సరం పరీక్ష కూడా తప్పితే మానిపించేస్తాను. ఈలోగా మిషను నేర్పించండి. ఇంటిపట్టున జాకెట్లు కుట్టుకుంటాది."

నాకు చదువంటే ఇష్టమని అప్పటివరకు నాకే తెలియదు. ఆ మాటతో తెలిసింది.

హమీదా టీచరుగారు అనకాపల్లినుంచి బస్సులో వచ్చేవారు. సన్నని మనిషి. తలమీదుగా చీర కొంగు, మెడలో కొలత టేపు. కుట్టుగదికీ మా తరగతికీ నడుమ తాటాకు తడిక ఒక్కటే అడ్డు. మొదటి రోజు ఆమె మిషను ముట్టుకోనివ్వలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకొని అడిగారు.

"నువ్వు కుదురుగా కూర్చోవని అందరూ నాకు సెప్పేరు. నువ్వు మాత్రం సెప్పలేదు. కూర్చుంటే నీకు లోపల ఏటవుతాది?"

తిట్టడానికి ముందుమాటేమోనని ఆమె ముఖం చూశాను. కాదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"సంతలో నిలబడ్డట్టుంటాదండి. అందరూ ఒక్కసారే పిలుస్తన్నట్టు."

"అలాగా," అన్నారు. కాసేపాగి, "ఇంకా?" అన్నారు.

ఇంకా చెప్పాను. బడి విడిచే గంట కొట్టేవరకు చెప్పాను. ఆమె దేనినీ తప్పనలేదు, ఒప్పనీ అనలేదు.

కొత్తగా నేర్చుకొనేవారికి మొదట మిషను బెల్టు తీసివేసి, కాళ్ళు మాత్రం ఆడించమనడం ఆమె పద్ధతి. చక్రం తిరగదు, సూది కదలదు. తొక్కుడు ఒక లయలో పడేవరకు అంతే. తక్కిన ఆడపిల్లలు విసుక్కొనే ఆ పని నాకు ఎంత చేసినా విసుగు పుట్టేది కాదు. మధ్యాహ్నాలు నన్ను తరగతినుంచి కుట్టుగదికి పంపేవారు. ఒకనాడు తడిక అవతల సోషలు మాష్టారు నదుల పాఠం చెప్పి వెళ్ళారు. టీచరుగారు కత్తెర పక్కన పెట్టి, "ఏటి సెప్పేరే అవతల?" అని ఊరికే అడిగారు. నేను కాళ్ళు ఆపకుండా, గోదావరి పుట్టిన చోటు మొదలుకొని మన శారదానది సముద్రంలో కలిసేవరకు అప్పజెప్పి, నేనే ఉలిక్కిపడ్డాను. ఆమె మెచ్చుకోలేదు. స్టూలు దగ్గరకు జరుపుకొన్నారు.

"క్లాసులో సెవికెక్కనిది ఇక్కడెలా ఎక్కిందే?"

"కాళ్ళు పనిలో ఉన్నాయి గదండీ. అవి నన్ను పిలవలేదు."

"బాగుంది. ఇది నాకూ తెలీదు సుమా!"

పరీక్ష దగ్గరపడేసరికి భయం పట్టుకొంది. హాల్లో మిషను ఎక్కడినుంచి వస్తుంది? ఏం చేయమంటారని ఆమెనే అడిగాను.

"నాకేటి తెలుసు? ఆ కాళ్ళు నీవి. నువ్వే ఆలోచించి సెప్పు. ఎవర్ని అడగాలో నేను అడుగుతాను."

ఆలోచించాను. చివరి బెంచీ కావాలి. చప్పుడు కాకుండా కాళ్ళకింద మడతపెట్టిన గోనెపట్టా కావాలి. ఆమె హెడ్మాష్టారి గదిలోకి వెళ్ళి రెండింటికీ ఒప్పించి వచ్చారు. కాని లెక్కల పరీక్షనాడు కాపలాకు వచ్చిన మాష్టారికి ఈ సంగతి తెలియదు.

"ఒసే బొంగరం! ఏటే ఆ కాళ్ళు?"

"మిషను తొక్కుతన్నానండి."

"మిషనేదే?"

నాకు అబద్ధం తోచలేదు. "మనసులో ఉందండి. బెల్టు తీసేసేరు."

హాలంతా గొల్లుమంది. ఆయన బెంచీకిందకు వంగి గోనె చూశారు. లేచి నా జవాబుకాగితం చూశారు. దానినిండా లెక్కలు ఉన్నాయి. "తొక్కు, తొక్కు. గుడ్డ సిరక్కుండా సూసుకో," అంటూ ముందుకు సాగిపోయారు.

అన్నింటా గట్టెక్కాను, హిందీలో అత్తెసరుగా. నాన్న మార్కులు చూసి అడిగారు. "కుట్టు ఎంతవరకొచ్చిందే?"

"ఒక్క కుట్టూ రాలేదు నాన్నా."

కాటా ముల్లు నిలిచేవరకు ఆగే మనిషిలా ఆయన నన్ను చాలాసేపు చూశారు. "అయితే జాకెట్లు దర్జీకిద్దాంలే. బడికి పో," అన్నారు.

నా క్రమశిక్షణ పుట్టుకతో వచ్చిందని అనుకొనేవారున్నారు. పుట్టుకతో వచ్చింది బొంగరమే. అది నేటికీ ఆగలేదు. దాన్ని ఎక్కడ ఎలా తిరగనివ్వాలో ఆ కుట్టుగదిలో నేర్చుకొన్నాను. డెబ్బైలలో టీచరుగారికి బదిలీ అయింది. తరువాత ఆమెను చూడలేదు. నా అలజడికి ఒక పేరున్నదని ఆమెకు తెలియదు. తెలియకపోవడం వల్లనే కాబోలు, నన్ను అడిగి తెలుసుకొన్నారు.

తలుపు తెరుచుకొని మనుమరాలు బయటికి వచ్చింది. 'బుద్ధిగా కూర్చున్నావా?' అన్న ప్రశ్న నాలుకమీదికి వచ్చినా, బస్సెక్కేవరకు బిగపట్టాను. బస్సు కదిలాక పిల్లే అంది.

"మామ్మా, నా బుర్రలో టీవీలన్నీ ఒకేసారి మోగుతాయని ఆంటీకి సెప్పేను."

చెప్పడానికి నా దగ్గర మంచి సలహాలు చాలా ఉన్నాయి, వరుసగా.

"అలాగా," అన్నాను. కాసేపాగి, "ఇంకా?" అన్నాను.

అది నావైపు అనుమానంగా చూసింది. తరువాత మొదలుపెట్టింది. బస్సు సబ్బవరం దాటినా ఆపలేదు. సీటుకింద మా ఇద్దరి కాళ్ళూ ఆడుతూనే ఉన్నాయి.