తడిపి తూచని చవుడు

మాది చవుడు మిద్దె. దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద కంప, కంప మీద చవుడు మట్టి. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోసి తొక్కేవాళ్ళం. పాత మట్టిని వాన కొంత కడుక్కుపోతుంది కనుక పుట్టిన ఆచారం అది. మా వైపు ఏళ్ళ తరబడి సరైన వాన లేదు. మట్టి మాత్రం ఏటేటా పడుతూనే ఉంది. కారలేదు కనుక మిద్దె గట్టిదని అందరమూ నమ్మాం.

ఆ మిద్దె కింద అన్న మగ్గం నేసేవాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ మగ్గమే. నేను కడపలో వంతెనలు కట్టించే ఆఫీసులో ఓవర్సీయరునయ్యాను.

యుద్ధం రోజుల్లో ఒక వేసవిలో సెలవు మీద ఇంటికి వెళ్ళాను. చవుడు పోయడానికి ముసలాయన వచ్చాడు. మా వీధి మిద్దెలన్నీ ఆయన వేసినవే. పైన గడ్డపార దింపి చూసి కిందికి వచ్చాడు.

“మూరకు పైనే ఉండాదప్పా మట్టి. ఈసారి పొయ్యేది కాదు, తీసేది. మూడు దినాలు మగ్గం ఆపు.”

“మగ్గం మీద పడుగుండాది తాతా. నూలు దొరికేదే శానా కష్టంగా ఉంటే దాని మీద దుమ్ము పొయ్యమంటావా? ఈ పడుగు దిగనీ,” అన్నాడు అన్న. నా వైపు తిరిగాడు. “నువ్వు సదివింది దీనికే గదా. చెప్పు, మిద్దె పడతాదా?”

దూలాలు కొలిచాను. దంతెలు లెక్కపెట్టాను. ఒక తట్ట చవుడు నేనే మోసుకెళ్ళి ఎదురింటి కాటాలో తూచాను. మిద్దె తన బరువుకు ఒకటిన్నర రెట్లు మోయగలదని తేలింది. వంతెనకైతే మేం నాలుగు రెట్లు చూసేవాళ్ళం. ఇంటికి ఇది చాలనుకున్నాను.

“ఆ తట్ట తడిపి తూచినావా?” అన్నాడు ముసలాయన.

“తడిసేదెప్పుడు తాతా?” అన్నాను. అన్న నవ్వాడు.

“నూటికి ఎన్ని పాళ్ళు పడొచ్చు?” అని అన్నే నన్నడిగాడు.

“ఒక పాలు కూడా లేదు.”

“విన్యావా తాతా? మావోడు దొరలకే లెక్కలు చెప్తాడు.”

“చెప్తాడులేప్పా. వానొచ్చిననాడు మీవోడు కడపలో పండుకుంటాడు,” అని ముసలాయన గడ్డపార భుజానేసుకుని పోయాడు.

మట్టి తీయనే లేదు. ఆ ఏడు వాన వచ్చింది. మూడు రోజులు విడవకుండా పడింది. పడుగు ఇంకా నాలుగు మూరలు మిగిలి ఉందట. మూడో రోజు మధ్యాహ్నం దంతెల సందున మట్టి రాలుతుంటే వదిన వెనక వంటపాకలోంచి చూసి, లేచి రమ్మని అరిచింది. అన్న కాళ్ళు మగ్గం గుంటలో ఉన్నాయి. “మావోడు లెక్కేసినాడు, పడదులే,” అన్నాడట. ఆ మాట వదిన నాకు ఒకే ఒకసారి చెప్పింది. తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు.

వీధిలో వాళ్ళు అన్న ఆయువు తీరిందన్నారు. అలా అని నన్ను వదిలేశారు. దూలంలో చెదలుండి ఉంటాయని ఆఫీసులో ఒకాయన ఓదార్చాడు. చెదలు చూడవలసింది కూడా నేనే.

మిద్దె కూలిందని కబురంది నేను చేరేసరికి మరునాడు పొద్దెక్కింది. అన్నను తీసి అరుగు మీద పడుకోబెట్టారు. మట్టి ఇంకా ఎత్తుతూనే ఉన్నారు. నేనూ ఒక తట్ట నింపాను. అది వేసవిలో నేను తూచిన తట్టే. ఎత్తబోతే లేవలేదు. ముసలాయన వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు.